పచ్చ టిక్కును నమ్మకండి

ఆఫర్ లెటర్ వచ్చేసింది. జాయినింగ్ డేట్ రాలేదు. ఈలోపు ఒక మెయిల్: 'ట్రైనింగ్‌కు ముందే ఈ కోర్సులు పూర్తి చేయండి'. ఒక లింకు, ఒక లాగిన్. టీసీఎస్‌లో దీన్ని ఎక్స్‌ప్లోర్ అంటారు. వేరే కంపెనీల్లో ఇంకో పేరు.

ఆలోచన మంచిదే. కాలేజీలోనే జావా నేర్చినవాళ్లనీ, సివిల్ చదివి ఐటీకి వచ్చినవాళ్లనీ ఒకే క్లాసులో కూర్చోబెడితే ఒకరికి నిద్ర, ఇంకొకరికి దడ. బేసిక్స్ ఇంటి దగ్గరే అయిపోతే క్లాసులో నేరుగా ప్రాజెక్టు మీద పడొచ్చు.

కానీ ముడిమ్యాల, చేవెళ్ల నుంచి మొయినాబాద్ కాలేజీలకు బస్సులో తిరిగి చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లలో సొంత ల్యాప్‌టాప్ లేనివాళ్లూ ఉంటారు. చేతిలో ఉన్నది ఫోనే. మర్రిచెట్ల రోడ్డు మీద బస్సు పోతుంటే డబుల్ స్పీడులో వీడియో నడుస్తుంది. వంద శాతం పూర్తి అని పచ్చ టిక్కు. ఆ టిక్కును ట్రైనర్ కూడా నమ్ముతాడు, చిక్కంతా అక్కడే! మొదటి రోజే "ఎస్‌క్యూఎల్ జాయిన్స్ మీకు వచ్చు కదా" అని ముందుకెళ్లిపోతాడు.

ఫోన్‌తో పని కాదని కాదు. ఎన్‌పీటెల్ పాఠాలు వైఫై దొరికినప్పుడు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. గూగుల్ కొలాబ్‌లో పైథాన్ ఫోన్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది (వేళ్లు నొప్పి పుడతాయి, అది వేరే సంగతి). వీడియో ఆపి, అదే ప్రోగ్రామ్ చూడకుండా కాగితం మీద రాయండి. ఎక్కడ ఆగిపోయారో అదే మీ సిలబస్.

ఇంకో సంగతి, డబ్బులది. 2022లో ఆఫర్లిచ్చి రెండేళ్లు జాయినింగ్ ఇవ్వని కొందరిని ఇన్ఫోసిస్ 2024లో జీతం లేని ఆన్‌లైన్ ప్రీ-ట్రైనింగ్‌కు కూర్చోబెట్టిందని 'నైట్స్' అనే ఐటీ ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఇచ్చిన ఆఫర్లన్నీ నిలబెట్టుకుంటామని కంపెనీ చెప్పింది. చేరాక కూడా అంతే: 2025 ఫిబ్రవరిలో మూడు ప్రయత్నాల్లోనూ పరీక్ష దాటలేదని మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను పంపించేశారు.

నేర్చుకోవడం మన బాధ్యతే, ఒప్పుకుంటా. అయితే కంపెనీ చెప్పిన పని, కంపెనీ పెట్టిన గడువు అయినప్పుడు అది ఉచితంగా ఎందుకు చేయాలి? కనీసం హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి: చివర్లో టెస్ట్ ఉందా, ఎన్ని ఛాన్సులు, ఫెయిలైతే ఆఫర్ ఉంటుందా, స్టైపెండ్ ఇస్తారా? ఫోన్లో చెప్తామంటే సరేనని విని, విన్నదంతా మళ్లీ మెయిల్‌లో రాసి పంపండి.