అతని పాస్‌పోర్టు, ఆమె వీసా

ఇండియా పెళ్లిసంబంధాల గురించి ఈ శీర్షికలో మేము అప్పుడప్పుడు హాస్యంగా రాస్తూ ఉంటాము. ఈ నెల ఆ ధోరణి పక్కన పెడుతున్నాము. సభ్యులు కొందరు అడిగిన ప్రశ్న అటువంటిది. "ప్రవాస భారతీయుల పెళ్లిళ్ల మీద ఇండియాలో ఏదో చట్టం తెస్తామన్నారు కదా, అది వస్తే ఇక్కడ మొగుడి చేతిలో దెబ్బలు తింటున్న పిల్లకి ఏమన్నా ఒరుగుతుందా?" మన ఫ్రీమాంట్‌లో అటువంటి పిల్ల ఎవరున్నారండీ అనకండి. పలుచటి గోడల అపార్టుమెంట్లలో ఉన్నవారిని అడిగితే చెబుతారు. సొంత ఇళ్లలో పక్కవారికి వినపడదు, అంతే తేడా.

ముందు ఆ బిల్లు సంగతి. 2019 ఫిబ్రవరి 11న అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ గారు ప్రవాస భారతీయుల వివాహ నమోదు బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టారు. అందులో ముఖ్యమైనవి మూడు. పెళ్లయిన 30 రోజులలోగా రిజిస్టరు చేయించుకోవాలి. చేయించుకోకపోతే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చు, రద్దు కూడా చెయ్యవచ్చు. కోర్టు సమన్లు పంపితే అందుకోకుండా తిరిగే మొగుడి పేరిట ఆ సమన్లను విదేశాంగ శాఖ వెబ్‌సైటులో పెడతారు, పెడితే అందినట్టే లెక్క. అప్పటికీ రాకపోతే ఆస్తి జప్తు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో ఇది చాలదు, ఇంకా సమగ్రమైన చట్టం కావాలి అన్నది. ఈలోగా ఒక తమాషా జరిగింది. సమన్ల విషయమై బిల్లు సవరిస్తామన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కాస్తా 2024 జూలై 1న పోయి, దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఇల్లు పడగొట్టేశాక తలుపుకి రంగు ఎంచుకున్నట్టయింది.

రిజిస్ట్రేషను మన తెలుగువారికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లిళ్లు రిజిస్టరు చెయ్యాలని చట్టం చేశారు. అయినా మనలో చాలామంది పెళ్లి ఆల్బం మీద పెట్టిన శ్రద్ధ సర్టిఫికెట్టు మీద పెట్టరు. అమెరికా కాన్సులేటువారు వీసాకి అడుగుతారని తెలిసినప్పుడు మాత్రం పరుగెడతారు. అంటే, ఇక్కడికి వచ్చి కాపురం చేస్తున్న అమ్మాయి పెళ్లి చాలావరకు కాగితం మీద ఎక్కినదే. ఈ నిబంధన వల్ల అసలు మేలు జరిగేది, నెల రోజులు కాపురం చేసి "వీసా పంపుతాను" అని విమానం ఎక్కిన పెళ్లికొడుకు కోసం గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఎదురు చూస్తున్న అమ్మాయికి. ఆమెకి సమన్ల నిబంధన కూడా పనికొస్తుంది. అవతలివాడు చిరునామా మార్చుకుంటూ పోతే ఇన్నాళ్లూ ఆమె చేతిలో తిరుగుటపా కవర్లే మిగిలేవి.

మగపిల్లల తల్లిదండ్రుల మాట కూడా వినాలి. తప్పుడు కేసు పెడితే మావాడి గతేమిటి అని వారి భయం. 1983లో వచ్చిన 498ఎ సెక్షను (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను) కింద ఫిర్యాదు రాగానే అందరినీ అరెస్టు చెయ్యటం తగదని సుప్రీంకోర్టే 2014లో అర్నేష్ కుమార్ కేసులో పోలీసులకు చెప్పింది. వెబ్‌సైటు సమన్ల విషయంలో వారి భయం కొంత న్యాయమే. వార్మ్ స్ప్రింగ్స్‌లో ఉండే కుర్రవాడు పొద్దున లేచి విదేశాంగ శాఖ వెబ్‌సైటు చూసుకుని కాఫీ తాగడు కదా. పోస్టు ద్వారా, కాన్సులేటు ద్వారా ప్రయత్నించి, ఆ తరువాతే వెబ్‌సైటుకి ఎక్కించాలని మా అభిప్రాయం.

మాకు అసలు పేచీ పాస్‌పోర్టు దగ్గర. మొగుడు ఇక్కడ హెచ్-1బి మీద ఉన్నాడు, ఆమె హెచ్-4 మీద ఉన్నది అనుకోండి. ఆమె వీసా అతని వీసాకి కట్టిన తోక. ఇండియా ప్రభుత్వం అతని పాస్‌పోర్టు లాక్కుంటే అతని వీసా పొడిగింపు చిక్కులో పడుతుంది, అతనితోపాటు ఆమెదీ. దెబ్బలు తిన్నది ఆమె, పెట్టె సర్దుకోవలసిందీ ఆమే. ఇక్కడి చట్టంలోనూ ఇదే ముడి ఉన్నది. 1996 నుంచి గృహహింస నేరం రుజువైన విదేశీయుడిని దేశం నుంచి పంపెయ్యవచ్చు. అందుకే చాలామంది ఆడవాళ్లు ఫోను చేతిలోకి తీసుకుని కూడా మళ్లీ పెట్టేస్తారు. "ఆయన్ని పంపేస్తే నేనూ, పిల్లలూ ఏమవుతాము?" దీన్ని భయమనండి, లెక్క అనండి. ఆమె లెక్క తప్పు అని మేము అనలేము.

అదే మొగుడు అమెరికా పౌరుడైతే కథ తిరగబడుతుంది. అమెరికా పాస్‌పోర్టును ఢిల్లీ ముట్టుకోలేదు. మన సంఘంలో పౌరసత్వం తీసుకున్న కుటుంబాలు కొల్లలు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఓసీఐ కార్డువారిని కూడా చట్టంలోకి తేవాలని లా కమిషన్ అన్నది ఇందుకే. కాని ఇటువంటివాడి భార్యకి ఇక్కడి చట్టం అండగా ఉన్నది. 1994 నాటి వాయిలెన్స్ అగైన్‌స్ట్ విమెన్ యాక్ట్ ప్రకారం పౌరుడి భార్య, గ్రీన్‌కార్డు ఉన్నవాడి భార్య, మొగుడికి తెలియకుండా, అతని సంతకం లేకుండా తన గ్రీన్‌కార్డుకి తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హెచ్-1బి వాడి భార్యకి ఈ తలుపు లేదు. ఇండియావాళ్ల గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడుగో మీకు మేము చెప్పాలా? పదేళ్లు, పదిహేనేళ్లు హెచ్-1బి మీదే ఉండేవారి ఇళ్లలో ఆమె కూడా అన్నేళ్లూ ఆ తలుపు బయటే ఉంటుంది. ఆ చట్టం అందని చోట ఈ బిల్లు అందాలి. అందేది పాస్‌పోర్టు లాక్కునే చెయ్యి ఒక్కటే.

హెచ్-4 మీద ఉన్న ఆమెకి బొత్తిగా ఏమీ లేవని కాదు. 2006 జనవరిలో సంతకమైన చట్టం, హింసకి గురైన హెచ్-4 భార్యకి ఉద్యోగం చేసుకునే అనుమతి ఇవ్వవచ్చన్నది. ఆ దరఖాస్తు ఫారం మాత్రం 2017కి గాని రాలేదు. పదకొండేళ్లు! రెండవది యు వీసా, 2000లో పెట్టినది. నేరానికి గురై పోలీసులకు సహకరించినవారికి ఇస్తారు. ఏడాదికి 10,000 మాత్రమే కాబట్టి వరుసలో ఏళ్లు గడుస్తాయి. దానికి పోలీసుల ధ్రువపత్రం కావాలి. కాలిఫోర్నియాలో అడిగిన 30 రోజులలో ఆ కాగితం మీద నిర్ణయం చెప్పాలని 2020 నుంచి నియమం ఉన్నది. ఇదంతా వకీలు లేకుండా చేసే పని కాదు.

మొగుడిని కనిపెట్టి ఉండే పని ఇక్కడ ఎట్లా జరుగుతున్నదో కూడా చూద్దాము. కాలిఫోర్నియాలో కోర్టు ఇచ్చే రిస్ట్రెయినింగ్ ఆర్డరుకి ఫీజు లేదు, వీసా సంగతి అడగరు. అర్ధరాత్రి వచ్చిన పోలీసు కూడా జడ్జికి ఫోను చేసి కొద్ది రోజులకు తాత్కాలిక ఆర్డరు ఇప్పించగలడు. విచారణ తరువాత ఇచ్చేది ఐదేళ్ల దాకా ఉండవచ్చు. అతని దగ్గర తుపాకి ఉంటే అప్పగించాలి. శిక్ష పడి ప్రొబేషను మీద వదిలితే కనీసం మూడేళ్లు, అందులో 52 వారాలపాటు వారం వారం క్లాసు. ఏమి క్లాసు అంటారా? పెళ్లాన్ని కొట్టకూడదని నేర్పే క్లాసు. చదువుకి అమెరికా వచ్చి, ఎమ్మెస్ చేసి, ఈ క్లాసులో కూర్చోవటం! అయితే 2022 అక్టోబరులో రాష్ట్ర ఆడిటరు కొన్ని కౌంటీల రికార్డులు తీసి చూస్తే, పరిశీలించినవారిలో సగానికి దగ్గరగా ఈ క్లాసులు పూర్తి చెయ్యనే లేదు. ఎగ్గొట్టినవారి మీద తీసుకోవలసిన చర్యలు తీసుకోని సందర్భాలూ కనిపించాయి. కనుక ఇండియాలో ఇంకొక రిజిస్టరు తెరిచినంత మాత్రాన కనిపెట్టి ఉన్నట్టు కాదు. ఆ రిజిస్టరు తిరగేసే గుమాస్తా కూడా ఉండాలి.

మన పిల్లలకు తెలియనిది ఇంకొకటి ఉన్నది. చెయ్యి చేసుకుంటేనే హింస అని ఇక్కడి చట్టం అనుకోదు. 2020లో చేసిన ఎస్‌బి 1141 ప్రకారం స్నేహితులతో, పుట్టింటితో మాట్లాడనివ్వకపోవటం, డబ్బు చేతికివ్వకుండా కట్టడి చెయ్యటం, "నీ వీసా క్యాన్సిల్ చేయిస్తాను" అని బెదిరించటం కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. మొట్టమొదటి సంవత్సరం కాపురంలో బ్యాంకు ఖాతా లేక, కారు నడపటం రాక, మౌరీ ఎవెన్యూలో బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక ఇంట్లో కూర్చున్న అమ్మాయి ఈ మూడూ పడుతూ కూడా "కొట్టట్లేదు కదా" అనుకుంటుంది. ఆమె తల్లి కూడా ఫోనులో ఆ మాటే అంటుంది.

ఆమెకి తెలియవలసిన చోట్లు దగ్గరలోనే ఉన్నాయి. 1976 నుంచి పని చేస్తున్న సేవ్ అనే సంస్థ మన ఫ్రీమాంట్‌దే. దక్షిణాసియా స్త్రీల కోసం బే ఏరియాలోనే 1991లో మైత్రి, 1992లో నారిక అనే రెండు సంస్థలు పుట్టాయి. దేశమంతటికీ కలిపి 1-800-799-7233 నంబరు రాత్రింబవళ్లు పలుకుతుంది. పాస్‌పోర్టు, ఐ-94, పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆమె వీసా కాగితాల కాపీలు ఒక సెట్టు ఇంట్లో కాక ఇంకొకరి దగ్గర ఉంచటం మంచిది. "పిల్లవాడిని తీసుకుని హైదరాబాదు విమానం ఎక్కెయ్యి" అని సలహా ఇచ్చే శ్రేయోభిలాషులు ఉంటారు. తండ్రి అనుమతి లేకుండా బిడ్డని దేశం దాటించటం 1993 నాటి ఫెడరల్ చట్టం కింద నేరం కావచ్చు. హింస నుంచి పారిపోయానని వాదించుకునే వీలు అందులో ఉన్నా, ఆ వాదన కోర్టులో చెయ్యాలి, ఎయిర్‌పోర్టులో కాదు. ముందు వకీలుతో మాట్లాడాలి.

బిల్లు విషయంలో మా కోరిక ఒకటే. అతని పాస్‌పోర్టు మీద చెయ్యి వేసే ముందు ఆమె ఎక్కడ ఉన్నదో, ఏ వీసా మీద ఉన్నదో ఆమెనే అడగాలని అందులో ఒక్క వాక్యం చేర్చాలి. ఇండియాలో ఆమె ఎదురు చూస్తుంటే వెంటనే లాక్కోవచ్చు. ఇక్కడ అతని ఇంట్లోనే ఉంటే ఆమె వకీలు సరేననే దాకా ఆగాలి. ఈ మాటనే ఉత్తరంగా రాసి శాన్ ఫ్రాన్సిస్కో కాన్సులేటు ద్వారా విదేశాంగ శాఖకు పంపుదామని అనుకుంటున్నాము. ముసాయిదా చదివి సంతకం చేస్తామనేవారు, వద్దనేవారు, ఇద్దరూ ఈ నెలాఖరులోగా మాకు రాయండి. పేరు వెయ్యవద్దంటే వెయ్యము.