బొల్లికోళ్ళ మీద రాళ్ళు

మొన్న డిసెంబరులో గాజులదిన్నె ప్రాజెక్టు గట్టు మీద నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా తెల్లవారకముందే బండి మీద బయల్దేరి, నేనూ నా స్నేహితుడూ గాలాలు వేసుకుని కూచున్నాం. ఎదురుగా ముప్పై నలభై బొల్లికోళ్ళు తేలుతున్నాయి. గంట గడిచినా బెండు కదల్లేదు. "ఈ పక్షులు నీళ్ళు కెలుకుతుంటే చేపెట్లా వస్తుందిరా?" అన్నాడు మావాడు. ఇద్దరం లేచి రాళ్ళు విసిరాం. అవి నీళ్ళ మీద టపటపా కాళ్ళు కొట్టుకుంటూ పరిగెత్తి లేచిపోయాయి. నీళ్ళు అద్దంలా అయిపోయాయి. ఆ తర్వాత ఇంకో మూడు గంటలు కూచున్నాం. బెండు అప్పుడూ కదల్లేదు.

కొంచెం అవతల పుట్టిలో వల సర్దుకుంటున్న పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "యాలప్పా వాటిని తోల్తారు? అవి నిమ్మళంగా ఉంటేనే చేపకు ధైర్యం" అన్నాడు. మేం నవ్వుకున్నాం. ఆ నవ్వు తప్పని తెలుసుకోడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. అందుకే ఈ వ్యాసం.

ముందు మా అజ్ఞానం ఎక్కడిదో చెప్పాలి. మాలాంటి శని ఆదివారాల చేపగాళ్ళకి గాలం విద్య వీడియోల్లో నేర్చుకున్నది. వాటికి మూలం ఇంగ్లీషు పుస్తకాలు. ఆ పుస్తకాల నిండా ఉన్నది ట్రౌట్ చేప: చల్లటి, తేటనీటి కొండవాగుల్లో బతికేది. దక్షిణాదిలో అది కావాలంటే నీలగిరుల మీదికో మున్నారుకో పోవాలి, అక్కడా బ్రిటిష్ వాళ్ళు తెచ్చి వదిలినదే. ఆ చేప గురించిన మాటలు ఒకరి నుంచి ఒకరికి అరిగిపోతూ వచ్చి, చివరికి మూడు సూత్రాలుగా మిగిలాయి. మాట్లాడొద్దు. నీళ్ళు కదలకూడదు. పక్షులుంటే చేప పడదు.

నా ఫిర్యాదు ఏమిటంటే, ఈ మూడూ ట్రౌట్‌కే సరిగ్గా వర్తించవు.

మొదటిది చూడండి. ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్ అనే ఆయన ఇంగ్లండులో ఏటి ఒడ్డున ఒక గుడిసె కట్టుకుని, అందులో దాక్కుని ట్రౌట్లని గమనించాడు. చేపలకి కనపడకుండా తుపాకీ పేల్పించి చూశాడు. అవి చలించలేదు. 1836లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి రాశాడు. కారణం ఇప్పుడు మనకి తెలుసు: గాలిలో పుట్టిన శబ్దంలో దాదాపు అంతా నీటి ఉపరితలాన్ని తాకి వెనక్కి తిరిగిపోతుంది, లోపలికి దిగేది వెయ్యో వంతు. కానీ గట్టు మీద బూటుకాలితో దబ్బున అడుగేస్తే ఆ అదురు నేలలోంచి నేరుగా నీళ్ళలోకి పోతుంది. మేం ఆ రోజు గుసగుసగా మాట్లాడుకున్నాం. రాళ్ళు వెతకడానికి మాత్రం గట్టంతా తొక్కాం.

రెండోది, కదలని నీళ్ళు. చేపకి పై ప్రపంచం ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. వక్రీభవనం వల్ల ఏర్పడే ఈ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. మీటరు లోతున ఉన్న చేపకి నెత్తి మీద రెండుంబావు మీటర్ల వెడల్పు వృత్తం, దాని చుట్టూ అడుగునే చూపించే అద్దం. నీళ్ళు నిశ్చలంగా ఉన్నప్పుడు ఆ కిటికీ శుభ్రంగా తుడిచినట్టుంటుంది. గట్టున నిలబడ్డ మనిషి, ఊగే గాలపు కర్ర, చెయ్యి విసురు, అన్నీ అందులో పడతాయి. చిన్న అల లేస్తే కిటికీ ముక్కలైపోతుంది, మనం కనపడం. అందుకే వాగుల్లో ట్రౌట్ నివాసాలని లెక్కగట్టే శాస్త్రజ్ఞులు చెదిరిన ఉపరితలాన్ని కూడా చేపకి దాపుగానే లెక్కేస్తారు. పైనుంచి వచ్చే శత్రువు దాన్ని చూడలేదు కాబట్టి అది అక్కడ ధైర్యంగా తింటుంది. మేం రాళ్ళేసి తోలేసింది మా దాపునే.

ఇక పక్షులు. ఇక్కడ మనవాళ్ళు చేసే ఘోరమైన తప్పు, నీళ్ళ మీద ఉన్నదాన్నల్లా ఒకే గాటన కట్టడం. బొల్లికోడి ప్రధానంగా నాచూ నీటిమొక్కలూ తినే పక్షి. దాని కాళ్ళ కదలికని చేప తన పార్శ్వరేఖతో పసిగడుతుంది, కానీ ఆ ఇంద్రియం పనిచేసేది చాలా దగ్గర్లోనే. నీటికాకి వేరు. అది మునిగి తరుముతుంది. నీటికాకుల గుంపు వేటాడుతున్న చోట చేప చెదిరిపోవడం నిజం, ఒప్పుకుంటాను. అప్పుడు చెయ్యాల్సిన పని మనం ఇంకోచోటికి పోవడం. అన్నిటికంటే చెడ్డది గుంపు ఒక్కసారిగా లేవడం: రెక్కల మోత, కాళ్ళ దెబ్బలు, పైన దూసుకుపోయే నీడలు. పైనుంచి కదిలే నల్లటి ఆకారం అంటే చేపకి మృత్యువే. ఆ గగ్గోలు పుట్టించింది పక్షులు కాదు, మేము.

ఇంతవరకూ ట్రౌట్ లెక్క. అసలు మన నీళ్ళలో ఉన్నది బొచ్చె, రోహు, మృగాల, జెల్ల, కొర్రమీను. మొదటి నాలుగింటికీ వాయుకోశాన్ని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల వరస ఉంది. ట్రౌట్‌కి లేదు. కొన్ని వందల హెర్ట్జ్ దాటితే ట్రౌట్‌కి చెవుడు, కార్పు జాతి చేపలు రెండు మూడు వేల దాకా వింటాయి. కాబట్టి నీళ్ళలో పడ్డ రాయి చప్పుడు ట్రౌట్ కంటే రోహుకే బాగా వినపడుతుంది. కొర్రమీను సంగతి ఇంకా తమాషా. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది, నీళ్ళ మీద కప్ప ఎగిరితే మీద పడుతుంది. ఉపరితలం కదలడం దానికి భోజనానికి పిలుపు. కప్ప ఎరతో కొర్రమీను పట్టేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. ట్రౌట్ సూత్రాలు వల్లించే మాకే కొత్త.

పెద్దాయన చెప్పిందల్లా వేదమని నేననడం లేదు. నీటికాకులు ప్రాజెక్టులో చేపనంతా మింగేస్తున్నాయని కూడా ఆయనే అన్నాడు, అది తూకం వేసి చూడాల్సిన మాట. కానీ ఆయన మాట ఆ నీళ్ళని చూసి పుట్టింది. మా మాట ఇంకెవరి నీళ్ళనో చూసి పుట్టింది. మన కవిత్వంలో "నిశ్చల తటాకం" శాంతికి గుర్తుగా ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. అందులో చేప కోణంలోంచి చూసినవాళ్ళు ఎందరు? కొంగంటే దొంగజపం తప్ప ఇంకోటి గుర్తురాని సాహిత్యం మనది. పోలికలు పాతబడ్డాయని నా గొడవ కాదు. చూడకుండా రాస్తున్నారని.

ఇదంతా బెండు కదల్లేదన్న ఉక్రోషమేనా అంటే, కాదు. మా పడమటి కర్నూలులో నీళ్ళు కనపడటమే ఒక పండగ. తుంగభద్ర కాలువకి నీళ్ళొదిలారా లేదా అని ఊళ్ళు ఎదురుచూసే సీమ ఇది. హంద్రీ మీద ఉన్న ఆ ఒక్క ప్రాజెక్టు దగ్గరికి పక్షులూ వస్తాయి, వల మీద బతికే కుటుంబాలూ వస్తాయి, సెలవు దొరికితే మేమూ వస్తాం. ముగ్గురిలో ఆ నీళ్ళు లేకపోయినా బతకగలిగేది మేమొక్కళ్ళమే. రాళ్ళేసేదీ మేమే. ఇప్పుడు కొందరు టపాకాయలు కూడా తెస్తున్నారు.

ఈసారి పోతే గట్టుకి దూరంగా, గొంతుక్కూచుంటాను. బొల్లికోళ్ళుంటే వాటి పక్కనే గాలం వేస్తాను. ఆ పెద్దాయన కనపడితే, ఇంకా ఏం చూశావు తాతా అని అడుగుతాను.