బియ్యం సరే, పప్పు మాటేమిటి?

పేదవాడికి సర్కారు చేసే తిండి సాయం రెండు రకాలు. కిలోల్లో ఇచ్చేది ఒకటి, రూపాయల్లో ఇచ్చేది మరొకటి. ధరలు పెరిగితే మొదటిది నిలుస్తుంది, రెండోది కరిగిపోతుంది.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చింది. బజారు ధరకూ ఆ రెండు రూపాయలకూ మధ్య తేడాను ఖజానా భరించింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం పేద కుటుంబాల్లో మనిషికి నెలకు ఐదు కిలోల తిండిగింజలను హక్కుగా చేసింది. 2023 జనవరి నుంచి అవి ఉచితమయ్యాయి. బజారులో ధర ఎంత పెరిగినా ఆ తూకం తగ్గదు. మంచిదే.

కానీ ఒట్టి అన్నంతో ఏ బిడ్డా ఎదగదు. బడిలో మధ్యాహ్న భోజనం సంగతే చూడండి. ప్రాథమిక పాఠశాల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల బియ్యం నేరుగా వస్తాయి. 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె మాత్రం డబ్బు లెక్కన కొనాలి. ఇందుకు 2022 అక్టోబరులో కేంద్రం ఖరారు చేసిన రేటు 5 రూపాయల 45 పైసలు. అది 2024 నవంబరు దాకా, అంటే 26 నెలలు, కదలలేదు. ఈలోగా కందిపప్పు చాలా చోట్ల కిలో 150 రూపాయలు దాటింది. ఆ ధరకు 20 గ్రాముల పప్పుకే 3 రూపాయలు. మిగిలిన 2 రూపాయల 45 పైసల్లో కూరగాయలు, నూనె, కారం, పసుపు, వంటచెరకు అన్నీ రావాలి. ఎలా వస్తాయి?

వచ్చే దారులు రెండే. పప్పులో నీళ్లు పెరగాలి, లేదా వండే ఆడకూతురు కిరాణా కొట్టులో అప్పు పెట్టాలి. సర్కారు మోయవలసిన బరువు పిల్లల కంచం మీదా, పేదరాలి నెత్తి మీదా పడుతోందన్నమాట. రాష్ట్రాలు తమ ఖర్చుతో గుడ్డు కలిపినా ఈ లోటు తీరదు.

రేటును 2024 డిసెంబరులో 6 రూపాయల 19 పైసలకు, 2025 మేలో 6 రూపాయల 78 పైసలకు పెంచారు. సంతోషమే. అయితే ధర పెరిగిన రెండేళ్లకు పెంచితే, అప్పటికే పలచని పప్పు తిన్న పిల్లలకు ఏం ఒరిగింది?

చేయవలసింది కష్టమేమీ కాదు. పప్పు, నూనె కూడా బియ్యంలాగే తూకం ప్రకారం బడికి చేరాలి. అది కుదరకపోతే ఆరు నెలలకోసారి బజారు ధర చూసి రేటు సవరించాలి. రేషన్ షాపులో రాయితీ పప్పు ఒక నెల వచ్చి మరో నెల మానకుండా, ధర మండే నెలల్లో తప్పక అందాలి.

గ్రామస్తులు కూడా ఊరుకోరాదు. బడికి వెళ్లి పిల్లలతో కూర్చుని ఒక పూట తిని చూడండి. వండేవారిని నిందించే ముందు, వారికి బిల్లు ఏ నెల దాకా అందిందో అడగండి. ఆ లెక్క గ్రామసభలో పెట్టండి.