పీత నడక

మా బావమరిది లారీ కొన్నాడు. కొత్తది కాదు, ఇద్దరు ముగ్గురి చేతులు మారిన ఆరు చక్రాల బండి. అప్పు తెచ్చిన సొమ్ములో మా ఆవిడ గాజులు నాలుగు కూడా కలిశాయి గనుక, ఆ లారీ క్షేమసమాచారాలు ప్రతివారం మా యింట్లో చర్చకు వస్తూండేవి. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు లారీతో చుట్టరికం అలా కలిసింది.

కొన్న మూడోనెలలో ముందు టైర్లు పోయాయి. పోవడమంటే పేలిపోవడం కాదు, అరిగిపోవడం. అదైనా సమంగా అరిగితే ఇంత దుఃఖం లేకపోను. ఒక అంచు గుండు గీసినట్టు నున్నగా అయిపోయింది. రెండో అంచున గాట్లు నిన్న కొన్నవాటిలా ఉన్నాయి. జత మార్చాడు. నలభై వేలకు పైమాటే. పన్నెండువేల కిలోమీటర్లు తిరిగేసరికి అవీ అదే దారి పట్టాయి.

డ్రైవరు యాభై దాటిన మనిషి. పాతికేళ్ల నుంచి బెజవాడకీ విశాఖపట్నానికీ మధ్య బండి తోలుతున్నవాడు. ఆ రోడ్డుకి అయిదో నంబరు పోయి 2010లో పదహారో నంబరు వచ్చిందిగాని, అతని నోట ఇప్పటికీ అది అయిదో నంబరు రోడ్డే. ఒక సాయంత్రం మా యింటి అరుగు మీద కూచుని నాతో అన్నాడు:

"స్టీరింగు ఎడమకి లాగేస్తోందండీ. చెయ్యి వదిలితే పక్క కాలవలోకే. బండి పీతలా నడుస్తోంది, మాస్టారండీ!"

ఎంత చక్కని ఉపమానం! మర్నాడు బి.ఏ. క్లాసులో అలంకారాల పాఠంలో వాడుకున్నాను కూడా. వాడుకుని ఊరుకుంటే బాగుండేది. మా బావమరిది వచ్చి, "ఏం చేద్దాం, బావగారూ?" అని అడిగాడు. అడిగినవాడికి తెలియదనడం మా వృత్తిలో అలవాటు లేదు. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు గనుక ఏ బండి అయినా కొంచెం ఎడమకి జారుతుందనీ, అది సాకు మాత్రమేననీ, మలుపుల దగ్గర దూకుడుగా తిప్పడంవల్లనే టైర్లు ఇలా అరుగుతున్నాయనీ తీర్పు చెప్పాను. ఆ సోమవారమే డ్రైవరు ఉద్యోగం పోయింది. అతను తాళంచెవి బల్లమీద పెట్టి, మారుమాట లేకుండా వెళ్లిపోయాడట.

కొత్త డ్రైవరు వచ్చాడు. మూడో జత టైర్లు వచ్చాయి. అవీ అరగడం మొదలెట్టాయి.

"ఈ ఆదివారం మీరు కూడా వెళ్లండి. నా గాజులు ఎక్కడ అరిగిపోతున్నాయో చూసిరండి" అంది మా ఆవిడ. అందుచేత ఆటోనగర్ వెళ్లాను.

అక్కడి మేస్త్రి బానెట్టు ఎత్తలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూచుని, టైరు మీద అరచెయ్యి వేసి, బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలినుంచి బయటికి ఒకసారి మెల్లగా రాశాడు. నాడి చూసే వైద్యుణ్ణి చూసినట్టనిపించింది. నా చేత కూడా రాయించాడు. ఒకవైపు వెళ్తే నున్నగా ఉంది. తిరుగు ప్రయాణంలో ఆకురాయిలా గరుకు.

"టైరు అబద్ధం చెప్పదండీ" అంటూ మొదలెట్టాడు. గాలి తక్కువయితే రెండంచులూ అరుగుతాయట. ఎక్కువయితే నడుమ అరుగుతుంది. చక్రాల ముక్కులు లోపలికి మరీ తిరిగి ఉంటే, అంటే బొటనవేళ్లు లోపలికి తిప్పి నడిచే మనిషిలాగన్నమాట, రెండు టైర్లకీ బయటి అంచులు పోతాయి. బయటికి తిరిగి ఉంటే రెంటికీ లోపలి అంచులు. ఇదంతా మిల్లీమీటర్ల వ్యవహారం. ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను: మీటరు ఎత్తు చక్రాలకు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే, కిలోమీటరు దూరంలో రెండు టైర్లూ కలిసి మూడు మీటర్ల మేర రోడ్డుమీద పక్కకి రాసుకుపోయినట్టే! అరగక ఏం చేస్తాయి పాపం?

తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కొంచెం కదిలింది. క్లీనరు కుర్రాణ్ణి బ్రేకు తొక్కమన్నాడు. కదలిక ఆగిపోయింది. ఆగితే బేరింగు వదులు. ఆగకపోతే కింగ్ పిన్ను అరిగినట్టు. బేరింగు బిగించాడు. కింగ్ పిన్నులకు గ్రీజు ఎక్కుతోందో లేదో చూశాడు. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలన్నది ఎడ్లబండి గురించేగాని, లారీకి సంగీతంతో పాటు కింగ్ పిన్నుల ఖర్చు కూడానట. టై రాడ్డు చూశాడు. బాగానే ఉంది.

ఈ కడ్డీల అమరిక గురించి తరవాత చదివాను. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలి కదా, అందుకు చేసిన ఏర్పాటు ఇది. ఆకర్‌మన్ పద్ధతి అంటారు. 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆకర్‌మన్ అయినా, కనిపెట్టినవాడు మ్యూనిచ్‌లో బళ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్. గుర్రబ్బండి కోసం పుట్టినది మన లారీ దాకా వచ్చింది.

మేస్త్రి మళ్లీ వచ్చి రెండు టైర్లనూ పక్కపక్కన చూశాడు. ఒకదానికి బయటి అంచు అరిగింది. రెండోదానికి లోపలి అంచు. అంటే రెంటికీ ఒకే వైపు! విప్పి పారేసిన టైర్లను చూసి తీర్పు చెప్పిన నాకు అది తెలిసే అవకాశమే లేదు.

"రోగం ముందు లేదండీ, వెనకుంది" అన్నాడు.

టేపు తెప్పించి, ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఎడమపక్కా కుడిపక్కా కొలిచాడు. కుడిపక్క అంగుళం ఎక్కువ! కిందికి దూరి చూస్తే, కుడి కమాను కట్టల మధ్య సెంటర్ బోల్టు తెగిపోయి ఉంది. యూ బోల్టులు వదులై, ఇరుసు ఆ పక్క వెనక్కి జారిపోయింది. వెనక చక్రాలు బండిని కుడికి నెడుతూంటే ముక్కు ఎడమకి తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగు కుడికి పట్టి దాన్ని తిన్నగా ఉంచాలి. మొహం ఒకవైపు, నడక ఒకవైపు. రాత్రింబవళ్లు అలా పట్టీ పట్టీ పాత డ్రైవరు భుజం వాచిపోయిందని క్లీనరు కుర్రాడు అప్పుడు చెప్పాడు.

నేను ఉపమ అనుకున్నది స్వభావోక్తి. ఉన్నదున్నట్టు చెప్పాడు అతను. ఎమ్మే చదివినవాణ్ణి గనుక నాకది తెలియలేదు.

కొత్త బోల్టులకు ఎంతయిందో చెబితే నవ్వుతారు. ఒక టైరు ధరలో పదోవంతు కూడా కాలేదు.

పదిరోజుల తర్వాత నేనూ, మా బావమరిదీ కృష్ణలంకలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. అతను ఆరు వారాలు ఖాళీగా కూచుని, ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే చిన్నబండి మీద తక్కువ జీతానికి పనిచేస్తున్నాడని భార్య చెప్పింది. చెబుతూ మా మొహాలు చూడలేదు. లోపల పిల్ల ఇంటరు పుస్తకాలు ముందేసుకుని ఉంది. ఇంతలో అతనే వచ్చాడు. నేను తప్పు నాదేనని చెప్పబోయాను. మాట సగంలో ఉండగానే, "సెంటర్ బోల్టా అండీ?" అన్నాడు.

అవునన్నాం. ఒకటో తారీకు నుంచి రమ్మన్నాడు మా బావమరిది. పోయిన ఆరు వారాల జీతం కవరు చేతిలో పెట్టాడు. అతను కవరు విప్పలేదు.

"యూ బోల్టులు కొత్తవి వేశారుగా. బరువుతో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించారా?"

మేస్త్రి ఆ మాట రెండుసార్లు చెప్పాడు. మేం మరిచిపోయాం.

అతను కవరు భార్యకిచ్చి, కొక్కేనికున్న చొక్కా తీసుకున్నాడు. "బండి ఎక్కడుందండీ?" అన్నాడు.