ఊరూ తిండీ: మీదే ఊరు?

ఈ శీర్షికలో ఒక్కొక్కరూ తమ పేటలో ఎక్కడ తింటారో, ఎక్కడ తిరుగుతారో చెబుతున్నారు. ఈసారి వంతు నాది. నేను పుట్టింది దక్షిణాఫ్రికాలో, టోంగాట్‌లో. ఇప్పుడు ఉంటున్నది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో. డెట్రాయిట్ నుంచి వాయవ్యంగా వస్తే మా ఊరు తగులుతుంది. ఇక్కడ పెద్ద రోడ్లను మైళ్లతో పిలుస్తారు. ఎనిమిదో మైలు రోడ్డు మాకు దక్షిణపు హద్దు, పద్నాలుగో మైలు రోడ్డు ఉత్తరపు హద్దు. "పన్నెండో మైలు దగ్గర కలుద్దాం" అంటే చాలు, ఇంకో గుర్తు అడగరు.

ఆదివారం పొద్దున టిఫిన్‌కి వెళతాను. పెసరట్టు, అల్లం పచ్చడి. పెసలు నానబెట్టి, రుబ్బి పోసిన అట్టు పెసరట్టు. మినప్పిండితో పోస్తే అది దోసె. మా ఇంట్లో రెండింటినీ దోసె అనే అనేవాళ్లం. హోటల్లో దోసె అడిగి, పెసరట్టు రాలేదని రెండుసార్లు నొచ్చుకున్నాక తేడా నేర్చుకున్నాను.

తిన్నాక హెరిటేజ్ పార్క్. రెండువందల ఎకరాలకు పైగా అడవీ, పచ్చికా. రూజ్ నది పాయ ఒకటి అందులోంచే పారుతుంది. శరదృతువులో ఆకులు ఎర్రబడినప్పుడు చూడాలి. మా ఊరి మధ్యలో ఫార్మింగ్టన్ అనే చిన్న పాత ఊరు వేరే ఉంది. 1824లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చిన ఆర్థర్ పవర్ అనే క్వేకరు దాన్ని స్థాపించాడు. క్వేకర్లు బానిసత్వం తప్పన్నవాళ్లు. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలను ఈ చుట్టుపక్కల ఇళ్లలో దాచి, డెట్రాయిట్ మీదుగా నది దాటించి కెనడాకు పంపేవారు. బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం పోయాకే కదా, చెరకు తోటలకు మనవాళ్లను ఓడలెక్కించింది! ఆ దారుల్లో నడుస్తుంటే నాకు ఆ లెక్క గుర్తొస్తూనే ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు మాత్రం ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద ఒక కిరాణా కొట్టు. అందులో కూరగాయల మూల. మొన్న వేసవిలో అక్కడ ఎర్రటి కాడల ఆకుకూర కట్టలు చూశాను. మా ఇంట్లో దాన్ని అందరం ఇంగ్లీషులో సవర్ హెర్బ్స్ అనేవాళ్లం. మా నాయనమ్మ ఒక్కతే గోంగూర అనేది. కట్ట చేతిలోకి తీసుకుని ఆ మాట పైకే అన్నాను.

పక్కన ఒక పెద్దావిడ నవ్వింది. "ఏటమ్మా, గోంగూరతో మాట్లాడతన్నావా? మీదే ఊరు?"

ఏటి! ఏమిటి అనే మాటకు ఉత్తరాంధ్రలో వినిపించే రూపం అది. మా నాయనమ్మ అలాగే అనేది. చిన్నప్పుడు ఆదివారం తెలుగు బడిలో నేను "ఏటి" అంటే, అది తప్పు, "ఏమిటి" అనాలని దిద్దారు. ఆ తర్వాత తెలుగులో నోరు విప్పడానికే భయపడేదాన్ని.

"మాది దక్షిణాఫ్రికా" అన్నాను.

"అది దేశం కదమ్మా. ఊరేది?"

మా ముత్తాత ఓడ కాగితంలో ఒక ఊరి పేరు ఉంది. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. నేనెప్పుడూ దాన్ని సరిగ్గా పలకలేకపోయాను. ఫోనులో ఆ ఫోటో ఉంటే చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"చోడవరం! మాది ఎలమంచిలి. అయితే మన జిల్లాదానివే. మీ వైపంతా చెరకేనమ్మా. అనకాపల్లి బెల్లం వినలేదూ?"

వినలేదు. నాతాల్‌కు 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందిని తీసుకెళ్లారని చదివాను. మా ముత్తాత చెరకు కొట్టడం అక్కడికి వెళ్లాకే నేర్చుకున్నాడని అనుకునేదాన్ని. ఆయనకు ముందే వచ్చేమో.

ఆవిడ గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెప్పింది. ఆకు కడిగి నీడన ఆరబెట్టాలి. తడి ఉంటే పచ్చడి నిలవదు. నూనెలో మగ్గనిచ్చి, వేయించిన ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి నూరాలి. వెల్లుల్లి పోపు మరవకూడదు. "ఏటి, రాసుకోవా?" అంది. రాసుకున్నాను, తెలుగులోనే. రెండు ఒత్తులు తప్పాయి. ఆవిడ ఏమీ అనలేదు.

ఆవిడ కొడుకు దగ్గరికి ఆరు నెలలకు వచ్చింది. వచ్చే నెల తిరిగి వెళుతుంది. చోడవరం వెళ్లి మా ఇంటిపేరు వాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడిగి ఫోన్ చేస్తానంది. ఫోనులో నా తెలుగు ఎలా ఉంటుందోనని నంబరు ఇవ్వకుండా తప్పించుకున్నాను. ప్రతి ఆదివారం పది గంటలకు ఆవిడ ఆ కూరగాయల మూల దగ్గరే ఉంటుంది. ఈ వారం టిఫిన్ తర్వాత ముందు అక్కడికే వెళతాను.