ఫోన్ వస్తే కంప్యూటర్ వచ్చినట్టేనా?



పిల్లలందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కాబట్టి బడిలో కంప్యూటర్ టీచరు దండగ అనే మాట ఈ మధ్య తరచు వినబడుతోంది. తల్లిదండ్రులు అంటున్నారు, సర్పంచులు అంటున్నారు, చివరికి ప్రధానోపాధ్యాయులూ అంటున్నారు. "మా వాడికి అన్నీ వచ్చు మేడమ్, రీల్స్ కూడా వాడే ఎడిట్ చేసుకుంటాడు" అని మురిసిపోయే తల్లులు నాకు చాలామందే తెలుసు. ఒకప్పుడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ నేర్పాను. ఇప్పుడు మా ఊళ్లో చిన్న శిక్షణ కేంద్రం నడుపుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ మాట తప్పు.

రీల్స్ చేసే ఆ కుర్రాడినే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ఉత్తరం టైపు చేయించండి. సేవ్ చేశాక ఆ ఫైలు ఎక్కడుందో అడగండి. "వర్డ్‌లో ఉంది మేడమ్" అంటాడు. ఇందులో వాడి తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ఫోన్ తయారైందే అలా. ఫొటోలు గ్యాలరీలో, పాటలు పాటల యాప్‌లో, వాట్సాప్‌లో వచ్చినవి వాట్సాప్‌లోనే కనబడతాయి. వాటి వెనకాల ఫోల్డర్లు ఉన్నాయనీ, ఫైలుకొక పేరూ చిరునామా ఉంటాయనీ తెలియకుండానే పదేళ్లు ఫోన్ వాడేయొచ్చు. కంప్యూటర్ మీద పనంతా ఆ ఎరుక మీదే నిలబడి ఉంది. అది దానంతట అది రాదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చూపించాలి.

కీబోర్డు సంగతి ఇంకా ఘోరం. బొటనవేళ్లతో మెరుపులా మెసేజీలు కొట్టే అమ్మాయి ఇక్కడ ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటుంది. పెద్ద అక్షరం కావాలంటే క్యాప్స్ లాక్ వేసి, అక్షరం కొట్టి, మళ్లీ తీస్తుంది. షిఫ్టు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు మరి. ఇక తెలుగు టైపింగ్ అంటే అందరూ ఫోన్‌లో మైకు నొక్కి మాట్లాడటమే అనుకుంటున్నారు. విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లులు చాలావరకు కుడి చేతి వైపు ఉంటాయి. క కొట్టే చోటే షిఫ్టు నొక్కితే ఖ వస్తుంది. రోజూ గంట చొప్పున వేళ్లు తిప్పితే చక్కగా పట్టుబడే విద్య ఇది. లోయరు, హయ్యరు పరీక్షల కోసం జనం పొద్దున్నే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పరిగెత్తిన రోజుల్లో వేళ్లకు ఉన్న క్రమశిక్షణ, ఇన్ని తెరలు వచ్చాక పోయింది. 

ఈ లోటుకు పిల్లలు కడుతున్న మూల్యం చూడాలంటే దరఖాస్తుల సీజన్‌లో ఏ నెట్ సెంటర్ ముందైనా నిలబడితే చాలు. బ్యాంకు పరీక్షకు ఫొటో 20 నుంచి 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 10 నుంచి 20 కేబీ లోపు. ఆ సైజు తగ్గించడం రెండు నిమిషాల పని. తెలియదు కాబట్టి డబ్బిచ్చి చేయించుకుంటారు. డబ్బు పోతే పోయింది, ఈమెయిల్ తెరిచేది సెంటర్ అతనే, పాస్‌వర్డ్ పెట్టేదీ అతనే, రాసుకునేది అతని నోటుబుక్కులో. హడావిడిలో ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా తనదే ఇచ్చేస్తాడు. హాల్‌టికెట్ మెసేజీ అతనికి వెళుతుంది, పిల్లకు తెలియదు. డిగ్రీ పాసైన మనిషికి తన దరఖాస్తు మీద తనకే అధికారం లేకపోవడం చదువుల లోపం కాదా?

పరీక్షలేమో ఒక్కొక్కటిగా కంప్యూటర్ మీదికి వెళ్లిపోయాయి. ఎంసెట్ ఎప్పుడో వెళ్లింది. ఉపాధ్యాయ నియామకాలకు తెలంగాణలో 2024 డీఎస్సీ, ఆంధ్రలో 2025 డీఎస్సీ కంప్యూటర్ మీదే జరిగాయి. పల్లె విద్యార్థి మౌస్ పట్టుకునేది తొలిసారి పరీక్ష హాల్లోనే అయితే, జవాబు తెలిసీ నిమిషాలు పోగొట్టుకుంటాడు. పక్క సీట్లో కూర్చున్న పట్నం పిల్లవాడికి ఇంట్లోనే ల్యాప్‌టాప్ ఉంటుంది. గ్రామీణ విద్యా స్థితిపై వచ్చే అసర్ సర్వే 2023 నివేదిక చూడండి. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువతలో దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాళ్లకు దాన్ని వాడటమూ వచ్చు. కంప్యూటరో ల్యాప్‌టాపో ఇంట్లో ఉన్నవాళ్లు 9 శాతమే. మిగిలిన పిల్లలకు బడి తప్ప దిక్కేది?

బడిలో ఏం జరిగిందో చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ విద్య వచ్చింది. ప్రైవేటు సంస్థలు పరికరాలు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, ఆ తర్వాత ల్యాబులను ప్రభుత్వానికి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు తీరింది. కంప్యూటర్లు బడికి మిగిలాయి, మేము ఇంటికి వెళ్లాం. నేర్పేవాళ్లు లేని గదికి తాళం పడింది. బ్యాటరీలు ఉబ్బిపోయాయి, మౌస్ తీగలు ఎలుకలు కొరికాయి. వస్తువుకు పద్దు ఉంటుంది, మనిషికి ఉండదు. ఆ తర్వాత వచ్చిన పథకాల్లోనూ నాకు కనబడింది అదే. 2022 డిసెంబరులో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, తరువాత తరగతి గదుల్లో పెద్ద తెరలు బిగించారు. ట్యాబు అంటే మళ్లీ ఫోనే, కాస్త వెడల్పు అంతే. పెద్ద తెర మీద చేయి పెట్టేది ఉపాధ్యాయుడు, పిల్లవాడు చూస్తూ కూర్చుంటాడు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంటోంది. ఫైలు ఎక్కడుందో తెలియని పిల్లలకు కోడింగ్ ఎవరు చెబుతారు? ఇప్పటికే రెండు సబ్జెక్టులు మోస్తున్న లెక్కల మాస్టారా?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగుకు, లెక్కలకు, చివరికి ఆటలకు కూడా స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఉంది. కంప్యూటర్‌కు మాత్రం ఎప్పుడూ కాంట్రాక్టో, పొరుగు సేవలో. నేనడిగేది ఇంతే. రానున్న డీఎస్సీలో కంప్యూటర్ టీచరును ఒక పోస్టుగా చూపండి. ఆరో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు ఇవ్వండి, వాటిని సిలబస్ కాలేదని వేరే సబ్జెక్టుకు మళ్లించకండి. పరీక్ష పెడితే కీబోర్డు మీద పెట్టండి. "మౌస్ భాగములు ఏవి?" అని కాగితం మీద ఐదు మార్కుల ప్రశ్న వేసే పరీక్షయితే అసలు వద్దు. సాయంత్రం బడి విడిచాక ఒక గంట ఆ గది తెరిచి ఉంచితే, ఊళ్లో డిగ్రీ చదువుతున్నవాళ్లు తమ దరఖాస్తులు తామే నింపుకోగలుగుతారు. ఆ గంటకు టీచరుకు అదనంగా ఎంతిస్తారో కూడా ముందే జీవోలో రాయండి.

— ఒక కంప్యూటర్ బోధకురాలు, మార్కాపురం