ఇంజనుకు నీటిజల్లు



కారు ఇంజనులోనికి నీళ్లు చల్లుటయా అని కోయంబత్తూరు నాయుళ్ల ఇండ్లలో పెద్దలు నవ్వుచున్నారు. నవ్వవలసిన పని లేదు. రెండవ ప్రపంచ యుద్ధమున విమానములకే ఈ ఉపాయము వాడిరి. ఇంజను పీల్చు గాలిలో సన్నని తుంపర కలిపినచో, నీరు ఆవిరియగుచు వేడిని లాగుకొనును. అంతే బరువు గల పెట్రోలు ఆవిరియై లాగుకొను వేడికి ఇది సుమారు ఆరు రెట్లు. అప్పుడు ఇంధనము తనంత తాను అంటుకొనదు. మెకానిక్కులు నాకింగు అను ఆ కొట్టుకొనుట తప్పును. బలము నీటిది కాదు, టర్బో మరింత గాలిని కూరుటకు వీలగును, అంతే.

చిక్కంతయు తొట్టి ఖాళీయైనప్పుడే. 1962లో అమెరికావారి ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారుకు నీరు, మిథనాలు కలిపిన ద్రవము పెట్టిరి. కొన్నవారిలో పలువురు పోయుట మరచిరి! ఐనను ద్రవము లేనిచో గాలి ఒత్తిడిని తగ్గించు ఏర్పాటు అందులో ఉండెను. 2016 నాటి బి.ఎం.డబ్ల్యు. ఎం4 జి.టి.ఎస్.లోను అంతే.

మా తమ్ముని మనుమని కారుకు ఇచ్చటి ఒక వర్క్‌షాపువారు తొట్టి, పంపు బిగించిరి గాని ఆ ఏర్పాటు బిగించలేదు. అవినాశి రోడ్డుమీద పిస్టను కరగినది. బిల్లు మాత్రము కరగలేదు.

జి.డి. నాయుడుగారు బస్సులు నడిపిన ఊరు, చెట్టిపాళయమున కరివర్ధన్ పేర రేసు బాట వెలసిన ఊరు, కుర్రవాండ్రను వలదనలేము. తొట్టి ఎండినచో ఒత్తిడి తగ్గునో లేదో వర్క్‌షాపువారు రసీదు మీదనే వ్రాసి ఇయ్యవలెను. వ్రాయనివారికి తండ్రులు డబ్బు ఇయ్యరాదు. మరొకటి: మన సిరువాణి నీళ్లు ఎంత తీయనివైనను తొట్టిలో పోయరాదు, బ్యాటరీకి పోయు డిస్టిల్డు నీళ్లే పోయవలెను.

— విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, కోయంబత్తూరు